దేవుని ప్రజలు ఎవరు? పరిశుద్ధ గ్రంథములో వారి ఆవిర్భావము, మారుచు వచ్చిన గుర్తింపు

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము మేము కాపరత్వము చేయుచున్న ఒక గ్రామ సంఘములో బాప్తిస్మమునకు సిద్ధపడుచున్న ఒక యౌవనస్థుడు మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, కాలేజీ కాగితాల్లో నేనొకటి, గుడి రిజిస్టరులో నేనొకటి. ఊళ్లోవాళ్లు పిలిచేది ఇంకొకటి. దేవుని దగ్గర నేనెవరినండీ?" మేము మొదటి పేతురు పత్రిక రెండవ అధ్యాయము తెరచి, నీవు దేవుని ప్రజలలో ఒకడవు అని చెప్పితిమి. అతడు కొంచెము సేపు ఊరకుండి, "అది ఇశ్రాయేలీయుల మాట కదండీ, మనకెట్లా వచ్చింది?" అని మరల అడిగెను. ఆ దినమున మేము అతనికి చెప్పిన జవాబు మాకే తృప్తినియ్యలేదు.

"దేవుని ప్రజలు" అను మాటను మనము ప్రతి ఆదివారము ప్రసంగములో వాడుచున్నాము. అయితే ఆ ప్రజలు ఎక్కడనుండి వచ్చిరి, వారిని ఒక ప్రజగా చేసినది ఏమిటి, రక్తసంబంధమా, దేశమా, ధర్మశాస్త్రమా, విశ్వాసమా, అను ప్రశ్నలను మనము నిదానముగా పరిశీలించుట అరుదు. ఈ ప్రశ్నలకు పరిశుద్ధ గ్రంథము ఒకే మాటలో జవాబియ్యదు. ఆయా కాలములలో ఆయా జవాబులు వినబడుచున్నవి, కొన్ని సమయములలో అవి ఒకదానితో ఒకటి వాదించుచున్నట్లు కూడ కనబడును. ఈ వ్యాసములో ఆ చరిత్రను క్రమముగా చూచి, మన సంఘములకు దాని భావమేమో తెలిసికొనుటకు ప్రయత్నించెదము.

1. కొన్ని ముఖ్యమైన పదములు

హెబ్రీ భాషలో ప్రజలను సూచించుటకు ముఖ్యముగా రెండు పదములు కలవు. మొదటిది "ఆమ్". ఇది బంధుత్వపు పదము. తండ్రివైపు బంధువులు, ఇంటివారు అను భావము దీని మూలములో నున్నది. అబ్రాహాము చనిపోయి తన పితరులయొద్దకు చేర్చబడెనని ఆదికాండము 25:8 చెప్పునప్పుడు వాడబడినది ఈ పదమే. రెండవది "గోయ్". ఇది దేశము, పరిపాలన కలిగిన జనమును సూచించును. తరువాతి కాలములో "గోయ్" అనగా అన్యజనుడు అను అర్థము స్థిరపడినను, ఆదిలో అట్లు లేదు. దేవుడు అబ్రాహామునకు వాగ్దానము చేసినప్పుడు (ఆది 12:2), సీనాయి యొద్ద ఇశ్రాయేలును పరిశుద్ధ జనము అని పిలిచినప్పుడు (నిర్గమ 19:6) వాడబడినది "గోయ్" అను పదమే. కావున ఇశ్రాయేలు కూడ జనములలో ఒక జనము. అయితే దేవుడు ఆ జనమును తన "ఆమ్"గా, అనగా తన ఇంటివారుగా చేసికొనెను.

మూడవ పదము "కాహాల్", అనగా పిలువబడి కూడివచ్చిన సమాజము. క్రీస్తుకు పూర్వము పాత నిబంధన గ్రీకు భాషలోనికి తర్జుమా చేయబడినప్పుడు, ఆ సెప్టువజింటు తర్జుమాలో ఈ పదమునకు అనేక చోట్ల "ఎక్లేసియా" అని వాడిరి. "సంఘము" అని మనము చదువుచున్న క్రొత్త నిబంధన పదమిదే. అరణ్యములోని ఇశ్రాయేలును గూర్చి స్తెఫను మాటలాడినప్పుడు కూడ ఇదే పదము వాడబడినది (అపొ. కార్య. 7:38). అట్లే "ఆమ్" అను పదమునకు గ్రీకులో "లావోస్" అనియు, "గోయ్" అను పదమునకు "ఎత్నోస్" అనియు వాడుట వాడుకయైనది. ఈ రెండు గ్రీకు పదముల సంగతి మరల చూచెదము.

2. పితరులు: పిలుపుతో ఆరంభమైన ఇల్లు

ఇశ్రాయేలీయులు తమ పుట్టుకను గూర్చి గొప్పలు చెప్పుకొనలేదు. ఇది గమనించదగిన సంగతి. ప్రాచీన జనములు అనేకము తమ వంశమును దేవతలకో, మహావీరులకో ముడిపెట్టుకొనిరి. ఇశ్రాయేలీయుడైతే ప్రథమఫలముల గంపను బలిపీఠము ఎదుట పెట్టినప్పుడు, తన తండ్రి దిక్కులేక తిరిగిన అరామీయుడని ఒప్పుకొనవలెను (ద్వితీ 26:5). నది అద్దరినున్న మీ పితరులు ఇతర దేవతలను పూజించినవారే అని యెహోషువ షెకెములో ప్రజలకు గుర్తుచేసెను (యెహో 24:2). యెహెజ్కేలు ప్రవక్త మరింత కఠినముగా, యెరూషలేము తండ్రి అమోరీయుడనియు తల్లి హిత్తీయురాలనియు చెప్పెను (యెహె 16:3).

అబ్రాహాము ఇంటిని కూడ జాగ్రత్తగా చూడవలెను. ఆదికాండము 17వ అధ్యాయములో సున్నతి అను నిబంధన గురుతు ఇయ్యబడినది. ఆ దినమున సున్నతి పొందినవారెవరు? అబ్రాహాము, ఇష్మాయేలు, ఇంట పుట్టిన దాసులు, అన్యులయొద్ద వెండితో కొనబడినవారు (17:23-27). ఇస్సాకు అప్పటికి పుట్టనేలేదు. నిబంధన గురుతును మొట్టమొదట శరీరమందు ధరించినవారిలో అధికులు అబ్రాహాము రక్తమువారు కారు, అతని ఇంటివారు. వంశమునకు ప్రాధాన్యత లేదని మేము చెప్పుట లేదు. వాగ్దానము ఇస్సాకు, యాకోబుల ద్వారానే సాగినది. అయితే ఆ వంశము ఆరంభమునుండియు తలుపు తెరచిన ఇల్లుగానే యున్నది.

3. ఐగుప్తునుండి షెకెమువరకు: అనేకులు ఒక ప్రజగా

నిర్గమకాండము 12:38 మనము తరచుగా దాటిపోవు వచనము. ఇశ్రాయేలీయులతో కూడ నానావిధ జనుల గుంపొకటి ఐగుప్తునుండి బయలుదేరెనని అది చెప్పుచున్నది. హెబ్రీలో వీరిని "ఏరెబ్ రబ్" అందురు, అనగా కలగలసిన పెద్ద సమూహము. వీరెవరో గ్రంథము వివరించదు. ఐగుప్తులో ఇశ్రాయేలీయులతోపాటు శ్రమపడిన ఇతర జాతులవారు కూడ వీరిలో నుండియుండవచ్చును. అదే అధ్యాయపు చివరి భాగములో పస్కాను గూర్చిన కట్టడ కలదు: పరదేశి సున్నతి పొందినయెడల అతడు స్వదేశమందు పుట్టినవానితో సమానుడు, ఇద్దరికిని ఒకటే విధి (12:48-49). విమోచన పొందిన రాత్రియే, ఈ బల్లయొద్ద ఎవరు కూర్చుండవచ్చును అను ప్రశ్నకు జవాబు ఇయ్యబడినది. వెనుకటికి అన్యుడు కూర్చుండవచ్చును. నిబంధన గురుతు మాత్రము కావలెను.

కాలేబు చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. అతడు యూదా గోత్రపు ప్రతినిధిగా కనానును వేగు చూచెను (సంఖ్యా 13:6). అయినను అతడు కెనెజీయుడని గ్రంథము తెలుపుచున్నది (సంఖ్యా 32:12, యెహో 14:6, 14). కెనెజీయులు అబ్రాహాముతో నిబంధన చేసిన దినమున పేర్కొనబడిన కనాను జనములలో ఒకరు (ఆది 15:19). కనజు అను పేరు ఏశావు సంతతిలోను కలదు (ఆది 36:11). అట్టి మూలముగలవాడు యూదావారి మధ్య స్వాస్థ్యము పొందెను. యెరికోలో రాహాబు ఇంటివారు, ఉపాయముతో నిబంధన సంపాదించుకొనిన గిబియోనీయులు, మోషే మామ సంబంధులైన కేనీయులు కూడ ఇట్లే ఇశ్రాయేలు మధ్య నిలిచిపోయిరి.

ఇశ్రాయేలు కనానులో ఎట్లు స్థిరపడెనను విషయమై పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. ఆల్‌బ్రైట్ యెహోషువ గ్రంథములోని దండయాత్రలను త్రవ్వకములతో సరిపోల్చి సమర్థించెను. జర్మనీ దేశస్థుడైన ఆల్ట్ 1925లో, మందలు మేపుకొనువారు కొండసీమలో మెల్లగా స్థిరపడిరని వ్రాసెను. మెండెన్‌హాల్ 1962లోను, గాట్‌వాల్డ్ 1979లోను, కనాను పట్టణ రాజుల అణచివేతకు లోబడియున్న రైతులు తిరుగబడి, యెహోవా ఆరాధనలో ఒక క్రొత్త సమాజముగా ఏర్పడిరని ప్రతిపాదించిరి. 1967 తరువాత కొండసీమలో జరిగిన పరిశీలనలలో, క్రీస్తుకు పూర్వము 1200 తరువాతి కాలమునకు చెందిన చిన్న చిన్న గ్రామములు వందల సంఖ్యలో బయటపడినవి. వాటిలో గొప్ప కోటలు లేవు, రాజభవనములు లేవు. కుండలు చాలవరకు కనాను వాడుకనే పోలియున్నవి. పంది ఎముకలు మాత్రము బహు అరుదు. ఈ సిద్ధాంతములలో ఏదియు సంపూర్ణముగా ఒప్పుకొనబడలేదు. అయితే ఒక సంగతిలో అవి గ్రంథమునకు దూరముగా లేవు: తొలి ఇశ్రాయేలు ఒకే మూలమునుండి కాక పలు మూలములనుండి కూడివచ్చిన ప్రజ.

గ్రంథమునకు వెలుపల "ఇశ్రాయేలు" అను పేరు మొదట కనబడునది ఐగుప్తు రాజైన మెర్నెప్తా శిలాశాసనములో. క్రీస్తుకు పూర్వము సుమారు 1208లో చెక్కబడిన ఈ శాసనమును 1896లో ఫ్లిండర్స్ పెట్రీ తేబేసులో కనుగొనెను. దానిలో అష్కెలోను, గెజెరు, యానోయము అను పేర్లకు పట్టణమును లేక దేశమును తెలుపు గురుతు చేర్చబడగా, ఇశ్రాయేలు అను పేరుకు మాత్రము జనమును తెలుపు గురుతు చేర్చబడినది. ఆ రాజు ఇశ్రాయేలును నిర్మూలము చేసితినని చెప్పుకొనెను. ఇశ్రాయేలును గూర్చి లోకము వ్రాసిన మొదటి మాట అది అంతరించెనని! అయినను ఆ రాజ్యము గతించెను, ఆ ప్రజ నిలిచెను.

వీరందరిని ఒక ప్రజగా కట్టినదేమి? యెహోషువ 24వ అధ్యాయము దానిని చూపుచున్నది. మీరు ఎవరిని సేవించెదరో నేడే కోరుకొనుడని షెకెములో అడుగబడెను. పుట్టుకచేతనే ప్రజ ఏర్పడునట్లయితే ఈ ప్రశ్నకు తావు లేదు. మోయాబు మైదానములలో కూడ, ఐగుప్తును చూడని రెండవ తరముతో, మీరు ఈ దినమున యెహోవాకు ప్రజలైతిరని మోషే చెప్పెను (ద్వితీ 27:9). ప్రతి తరము మరల దేవుని ప్రజగా కావలసియున్నది.

4. రాజ్యకాలము: పేరు ఇచ్చినవాడే పేరు తీసివేయుట

రాజుల కాలములో దేవుని ప్రజ ఒక రాజ్యమాయెను. సరిహద్దులు, సైన్యము, పన్నులు, వెట్టిచాకిరి వచ్చినవి. సొలొమోను దేశములో మిగిలిన కనాను జనములను వెట్టివారిగా నియమించెను (1 రాజులు 9:20-21). ఒకప్పుడు ఐగుప్తులో వెట్టి చేసినవారి సంతతివారు ఇప్పుడు ఇతరులచేత వెట్టి చేయించుచుండిరి. ఆ కాడి ఇశ్రాయేలు గోత్రములమీద కూడ పడెను. సొలొమోను మరణము తరువాత రాజ్యము రెండుగా చీలెను. "ఇశ్రాయేలు" అను పేరు అప్పటినుండి ఉత్తర రాజ్యమునకు ప్రత్యేకమైన పేరాయెను. అదే సమయములో అది పండ్రెండు గోత్రములకు చెందిన పేరుగాను ప్రవక్తల నోట నిలిచెను.

ఎనిమిదవ శతాబ్దపు ప్రవక్తలు ఈ గుర్తింపును గట్టిగా కదలించిరి. భూమిమీది వంశములన్నిటిలో దేవుడు ఇశ్రాయేలును మాత్రమే ఎరిగినందున దానినే శిక్షించునని ఆమోసు చెప్పెను (3:2). ఎన్నిక అనగా రక్షణ కవచము కాదు, ఎక్కువ బాధ్యత. అదే ప్రవక్త 9:7లో, ఇశ్రాయేలు దేవుని దృష్టికి కూషీయులవంటిదనియు, దేవుడు ఫిలిష్తీయులను కఫ్తోరునుండి, సిరియనులను కీరునుండి రప్పించెననియు చెప్పెను. నిర్గమము కూడ గర్వకారణము కాజాలదు.

హోషేయ మరి లోతుగా వెళ్లెను. అతని మూడవ బిడ్డకు "లో అమ్మీ" అని పేరు పెట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. "ఆమ్" అను పదమే ఇందులో నున్నది. నా జనము కాదు అని దాని భావము. అదే వచనములో హెబ్రీ మూలము, మోషేకు పొదయొద్ద బయలుపరచబడిన "నేను ఉన్నవాడను" అను నామమును తిరగవేయుచున్నట్లున్నది (హోషేయ 1:9, నిర్గమ 3:14). నిబంధన మాటలు రెండును ఒకేసారి వెనుకకు తీసికొనబడినవి. అయితే వెంటనే తరువాతి వచనములో ఆ పేరు మార్చబడునని వాగ్దానము కలదు, రెండవ అధ్యాయము చివర అది మరల చెప్పబడినది (1:10, 2:23). కావున దేవుని ప్రజ అను పేరు ప్రజల సొత్తు కాదు. ఇచ్చినవాడు తీసివేయగలడు, తీసివేసినవాడు కృపచేత మరల ఇయ్యగలడు. ఈ వాక్యభాగమే తరువాత అన్యజనులకు తలుపు తెరచును.

5. చెర, తిరిగివచ్చుట: గీత ఎక్కడ గీయవలెను?

క్రీస్తుకు పూర్వము 722లో షోమ్రోను పడిపోయెను. అష్షూరు రాజైన సర్గోను తన శాసనములలో అచ్చటినుండి 27,290 మందిని కొనిపోయితినని వ్రాయించెను. 587లో (కొందరి లెక్క ప్రకారము 586లో) యెరూషలేము, దేవాలయము కాల్చబడెను. దేశము లేదు, రాజు లేడు, బలిపీఠము లేదు. ఇట్టి స్థితిలో ఒక ప్రజ ఎట్లు నిలుచును? విశ్రాంతి దినము, సున్నతి, ఆహార నియమములు, ధర్మశాస్త్ర పఠనము చెరలోనివారికి గురుతులాయెను. దేశము లేకున్నను దేవుని ప్రజగా నుండవచ్చునని వారు నేర్చుకొనిరి. "యూదులు" అను పేరు కూడ ఈ కాలమందే, యూదా దేశపువారు అను భావమునుండి ఒక మతసమాజపు పేరుగా విస్తరింపసాగెను.

538లో కోరెషు సెలవియ్యగా కొందరు తిరిగివచ్చిరి. వచ్చినవారి సమాజము చిన్నది, పారసీక సామ్రాజ్యములో బలహీనమైనది. అప్పుడు ఎజ్రా, నెహెమ్యాల కాలములో అన్యస్త్రీలను పెండ్లాడినవారి సమస్య వచ్చెను. ఎజ్రా 9:2లో "పరిశుద్ధ సంతతి" అను భావము వినబడుచున్నది. పదియవ అధ్యాయములో భార్యలను, పిల్లలను పంపివేయుటకు తీర్మానము జరిగెను. ఈ అధ్యాయమును చదువునప్పుడు మన హృదయము బరువెక్కవలెను. పంపివేయబడిన ఆ స్త్రీల పేర్లు గ్రంథములో లేవు. భర్తల పేర్లు మాత్రమే యున్నవి. ఎజ్రా భయమునకు కారణము లేకపోలేదు. విగ్రహారాధనవలన నాశనమైన తరపు పిల్లలు వారు. కరిగిపోవుదుమేమో అను భయము చిన్న ప్రజకు సహజమే.

అయితే ఆ కాలపు గ్రంథములలో మరియొక స్వరము కూడ కలదు. యెషయా 56:3-8లో, యెహోవాను హత్తుకొనిన పరదేశి తాను వెలివేయబడుదునని అనుకొననక్కరలేదు. షండుడు తాను ఎండిన చెట్టునని చెప్పుకొననక్కరలేదు. ఎజ్రా గ్రంథములోనే, అన్యజనుల అపవిత్రతను విడిచి ఇశ్రాయేలుతో చేరినవారు పస్కాను భుజించిరని కలదు (6:21). మోయాబీయులు పదియవ తరమువరకైనను సమాజములో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23:3 చెప్పుచుండగా, మోయాబీయురాలైన రూతు దావీదునకు ముత్తవ్వయని రూతు గ్రంథము చెప్పుచున్నది. దావీదు మూడవ తరమువాడే! యెషయా 19:24-25 మరింత ముందుకు పోయి, నా జనము అను పిలుపును ఐగుప్తుకే ఇచ్చుచున్నది.

ఈ రెండు స్వరములను పరిశుద్ధ గ్రంథము ప్రక్కప్రక్కనే ఉంచినది. కాపాడుకొనవలెనను ఆతురత ఒకటి, చేర్చుకొనవలెనను ఆజ్ఞ మరియొకటి. ఒకదానిని మాత్రమే చదువు కాపరి సగము గ్రంథమునే చదివినవాడగును.

6. క్రొత్త నిబంధన: బల్లయొద్ద తేలిన సంగతి

దేవుడు రాళ్లవలన అబ్రాహామునకు పిల్లలను పుట్టింపగలడని చెప్పి (మత్తయి 3:9) బాప్తిస్మమిచ్చు యోహాను వంశపు ధైర్యమును పడగొట్టెను. మత్తయి వ్రాసిన వంశావళిలో తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య కనబడుచున్నారు. ప్రభువు పండ్రెండుమందిని ఏర్పరచుకొనుట పండ్రెండు గోత్రములు మరల కూర్చబడుననుటకు సూచన. అదే ప్రభువు సుంకరులతోను పాపులతోను భుజించెను. ఇంటివారెవరో ఆయన బల్ల చూపించెను.

పెంతెకొస్తు తరువాత ప్రశ్న తీవ్రమాయెను. కొర్నేలీ ఇంటిలో సున్నతిలేనివారిమీద ఆత్మ దిగెను (అపొ. కార్య. 10). క్రీస్తుశకము సుమారు 49లో యెరూషలేములో సభ కూడెను. అచ్చట యాకోబు పలికిన మాటలను గ్రీకులో గమనించవలెను: దేవుడు "ఎత్నోస్"లోనుండి తన నామముకొరకు ఒక "లావోస్"ను తీసికొనెనని అతడు చెప్పెను (15:14). అంతవరకు ఇశ్రాయేలునకు ప్రత్యేకముగా వాడబడుచు వచ్చిన పదము, అన్యజనులలోనుండి వచ్చినవారికి వాడబడినది. వారు ముందుగా యూదులు కావలెనని సభ కోరలేదు. గ్రీకువారు గ్రీకువారుగానే దేవుని ప్రజలైరి.

కాగితముమీద తీర్మానము సులభము, బల్లయొద్ద కష్టము. అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో భోజనము చేయుచుండెను. యాకోబు యొద్దనుండి కొందరు రాగా వెనుకతీసెను (గలతీ 2:11-14). పౌలు అందరియెదుట అతని నెదిరించెను. పేతురు ఏ సిద్ధాంతమును కాదనలేదు, తన పళ్లెము మాత్రము వేరుచేసికొనెను. పౌలు దృష్టికి అది సువార్త సత్యమునుండి తొలగుటయే. గలతీ 3:28-29 ఈ భోజనపు తగవు తరువాత వచ్చినదని మనము మరువరాదు.

యెరూషలేము దేవాలయములో అన్యజనులు దాటకూడని ఒక అడ్డుగోడ యుండెను. దాటినవాడు తన మరణమునకు తానే బాధ్యుడని గ్రీకు భాషలో హెచ్చరించు శిలాఫలకము 1871లో దొరికెను. క్రీస్తు మధ్యగోడను పడగొట్టెనని ఎఫెసీ 2:14లో చదువునప్పుడు, తొలి పాఠకులలో అనేకులకు నిజమైన రాతిగోడ జ్ఞాపకము వచ్చియుండును.

రోమా 9:24-26లో పౌలు హోషేయ మాటలను అన్యజనులకు అన్వయించెను. హోషేయ వాటిని ఇశ్రాయేలును గూర్చి పలికెను. పౌలు తర్కము ఇది: ఇశ్రాయేలు కూడ ఒక దినమున "లో అమ్మీ" అయి, కేవలము కృపచేత మరల ప్రజ అయినయెడల, ఎన్నడును ప్రజ కానివారిని ఆ కృపయే పిలువకూడదా? మొదటి పేతురు 2:9-10 అదే హోషేయ మాటలను, సీనాయి యొద్ద పలుకబడిన బిరుదులను కలిపి, ఆసియా మైనరులో పరదేశులుగా జీవించుచున్న విశ్వాసులకు ఇచ్చుచున్నది. మా యౌవనస్థుని ప్రశ్నకు లేఖనాధారమైన జవాబు ఇదే. ఆ పేరు మనము ఇశ్రాయేలునుండి లాగుకొనినది కాదు. ఇశ్రాయేలునకు ఎట్లు కృపచేత వచ్చెనో మనకును అట్లే వచ్చెను.

7. ఒక హెచ్చరిక

సంఘము ఇశ్రాయేలు స్థానమును ఆక్రమించెనని, దేవుడు యూదులను విడిచిపెట్టెనని బోధించుట మన ప్రసంగములలో వినబడుచుండును. రెండవ శతాబ్దములో జస్టిన్ "త్రుఫోతో సంభాషణ" అను గ్రంథములో క్రైస్తవులే నిజమైన ఇశ్రాయేలని వాదించెను. క్రమముగా ఆ వాదము తిరస్కారమాయెను. ఐరోపా సంఘములలో శతాబ్దములుగా పెరిగిన యూదుల ద్వేషము, 1933-45 మధ్య అరువది లక్షల యూదుల హత్యకు నేలను సిద్ధపరచిన కారణములలో ఒకటి. రోమా 11వ అధ్యాయమైతే అడవి ఒలీవ కొమ్మకు అతిశయింపవద్దని ఆజ్ఞాపించుచున్నది. కొమ్మ వేరును మోయదు, వేరే కొమ్మను మోయును. దేవుని పిలుపు వెనుకకు తీసికొనబడదని 11:29 చెప్పుచున్నది. 1965లో రెండవ వాటికన్ మహాసభ కూడ ఈ అధ్యాయమును ఆధారము చేసికొని రోమను కతోలిక సంఘపు బోధను సరిదిద్దెను.

మరియొక ప్రక్క, బైబిలులోని ఇశ్రాయేలును 1948లో ఏర్పడిన ఇశ్రాయేలు రాజ్యముతో ఏ విచారణయు లేక ఒకటిగా చేయుటయు సరికాదు. పాలస్తీనీయులలో తరతరములుగా క్రీస్తును ఆరాధించుచున్నవారును కలరు. ఏ రాజ్యమును ప్రవక్తల ప్రశ్నలకు అతీతము కాదని ఆమోసే మనకు నేర్పెను.

8. తెలుగు సంఘమునకు ఈ చరిత్ర

తెలుగు దేశములో సంఘచరిత్ర ఈ వాక్యములకు దూరముగా లేదు. 1866లో యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందిన తరువాత ఒంగోలు ప్రాంతములోని మాదిగపల్లెలలో సువార్త వ్యాపించెను. 1876-78 కరవు గడచిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఊరిబయట నుంచబడిన ప్రజలు వారు. అన్నము కొరకు వచ్చిరని నాడు కొందరు ఆక్షేపించిరి. కలగలసిన సమూహము ఐగుప్తునుండి ఎందుకు బయలుదేరెనో నిర్గమకాండము విచారించలేదు. బయలుదేరెనని మాత్రమే వ్రాసెను.

దళిత వేదాంతమునకు పునాది వేసినవారిలో ఒకరైన అర్వింద్ నిర్మల్ 1980లలో, ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములోని అరామీయుని ఒప్పుకోలును దళితుల ఒప్పుకోలుగా చదివి, ప్రజ కానివారు దేవుని ప్రజ అగుట అను మార్గమును చూపించెను. మూలము తక్కువదని దాచుకొననక్కరలేదు; ఇశ్రాయేలు దానిని బలిపీఠము ఎదుట బిగ్గరగా చెప్పెను.

అయితే మన సంఘములను మనము పరీక్షించుకొనవలెను. ఒక మిషను ఒక కులములోను, మరియొక మిషను మరియొక కులములోను పనిచేసినందున, అనేక గ్రామములలో గుడి కులపు గుడిగా నిలిచిపోయినది. ప్రభురాత్రి భోజనములో ఒకే రొట్టె తినుచు, పెండ్లి మాట వచ్చినప్పుడు మాత్రము పళ్లెము వేరుచేసికొనుట మనము ఎరుగుదుము. మేము ఒకప్పుడు రెండు విశ్వాస కుటుంబముల మధ్య పెండ్లి కుదుర్చుటకు ప్రయత్నించి, "అయ్యగారూ, ప్రార్థనకైతే ఒకటే గాని, పిల్లనిచ్చేదానికి ఎట్లా?" అను మాట విని తిరిగివచ్చితిమి. ఆ మాట చెప్పినవారు మంచి విశ్వాసులే. అంతియొకయలో పేతురు కూడ మంచి విశ్వాసియే. ఆ దినమున మేము పౌలువలె ఎదిరించలేదు. టీ త్రాగి వచ్చితిమి. ఇది మా ఒప్పుకోలు.

రెండు పేర్లతో జీవించుచున్నవారి సంగతి వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు పరిమితము చేసెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించబడెను గాని క్రైస్తవులకు లభించలేదు. అందువలన గుడి రిజిస్టరుకు, కళాశాల కాగితమునకు మధ్య అనేకులు నలుగుచున్నారు. ఇట్టివారిని వేదికమీదనుండి నిందించుట కాపరికి తగదు. దానియేలు బెల్తెషాజరు అను పేరుతో బబులోను కొలువులో నుండెను. హదస్సా ఎస్తేరు అను పేరుతో, తన జనము ఏదో చెప్పకయే రాజగృహములో ప్రవేశించెను (ఎస్తేరు 2:10). ఆమె చెప్పవలసిన దినము వచ్చినప్పుడు ప్రాణమునకు తెగించి చెప్పెను. ఆ దినము ఎప్పుడో ఒకరి పక్షముగా మరియొకరు నిర్ణయింపజాలరు. కాపరి ప్రక్కన నడువవలెను. అట్టి చట్టము న్యాయమా అని అడుగవలెను.

ముగింపు

మనము చూచినదానిని క్లుప్తముగా చెప్పవచ్చును. దేవుని ప్రజ ఒకే రక్తమునుండి పుట్టలేదు, పిలుపునుండి పుట్టెను. ఇల్లుగా, గోత్రముల కూటముగా, రాజ్యముగా, దేశములేని చెరవారిగా, ధర్మశాస్త్ర సమాజముగా, చివరకు సమస్త జనములలోనుండి కూర్చబడిన సంఘముగా దాని రూపము మారుచు వచ్చెను. రూపము మారినప్పుడెల్ల గీత ఎక్కడ గీయవలెనను తగవు లేచెను. ఆ తగవు పలుమారు బల్లయొద్దనే తేలెను: పస్కా బల్ల, ప్రభువు సుంకరులతో కూర్చుండిన బల్ల, అంతియొకయ బల్ల.

ఆ యౌవనస్థుడు తరువాత బాప్తిస్మము పొందెను. ఎప్పుడు, ఏ పేరుతో అనునది అతనికిని దేవునికిని తెలిసిన సంగతి. అతడు మరల అడిగినయెడల మేము ఇట్లు చెప్పుదుము: "బాబూ, ఇశ్రాయేలు కూడ ఒకనాడు ప్రజ కానిదే. పిలిచినవాడు ఒక్కడే. నీవు ఎక్కడనుండి వచ్చితివో దాచవద్దు, వచ్చి కూర్చుండు." ఆ తరువాత అతని ప్రక్కన ఎవరు కూర్చుందురు, అతని పళ్లెములో ఎవరు చేయిపెట్టుదురు అనునది మన సంఘములు ఇయ్యవలసిన జవాబు.